కిలో లెక్క, రోజు కూలి

ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగిని ఆఫీసుకు తిరిగి రమ్మనడానికి కంపెనీ బయటికి చెప్పే కారణం ఒకటి, లోపల ఉండే కారణాలు నాలుగైదు. బయటి మాట దాదాపు అన్ని కంపెనీలదీ ఒకటే. కలిసి కూర్చుంటే పని బాగా సాగుతుంది, కొత్తవాళ్లు పని నేర్చుకుంటారు, సంస్థ సంస్కృతి నిలుస్తుంది. అందులో అబద్ధమేమీ లేదు. అయితే ఇంటి నుంచి పని భేషుగ్గా నడుస్తోందని 2020లో చాటినవీ ఈ కంపెనీలే. మూడేళ్లు తిరిగేసరికి మాట మారింది. ఎందుకు మారిందో తెలియడానికి హైదరాబాద్ మాదాపూర్ అద్దాల మేడల చుట్టూ తిరగడం కంటే గుంటూరు, ప్రకాశం నల్లరేగడి పొలాల్లోకి వెళ్లడం దగ్గరి దారి. రైతు ఏ పనికి గట్టు మీద నిలబడాలి, ఏ పనికి నిలబడక్కర్లేదు అన్నది పత్తి, మిరప పండే ఈ నేలలో ఏనాడో తేలిపోయిన లెక్క. పైగా ఆఫీసు పిలుపు అందుకున్నవాళ్లలో ఈ ఊళ్ల పిల్లలు తక్కువేం కాదు.

మిద్దె మీది గది

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. సాఫ్ట్‌వేర్ కంపెనీ టీసీఎస్‌లో అప్పటికి సుమారు 4.48 లక్షల మంది ఉద్యోగులు. కొద్ది వారాల్లోనే వాళ్లలో నూటికి తొంభై మందికి పైగా ఇళ్ల నుంచి పనిలోకి దిగారు. ఆ ఏప్రిల్‌లోనే కంపెనీ ఒక లక్ష్యం ప్రకటించింది: 2025 నాటికి ఏ సమయంలో చూసినా ఆఫీసులో ఉండాల్సింది నూటికి పాతిక మందే. మిగతా కంపెనీలు అంత స్పష్టంగా అంకె చెప్పకపోయినా దారి మాత్రం అదే పట్టాయి.

హైదరాబాద్, బెంగళూరు హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. నరసరావుపేట, చిలకలూరిపేట, పర్చూరు, అద్దంకి, దర్శి చుట్టుపక్కల ఊళ్లకు పిల్లలు లాప్‌టాప్‌లతో తిరిగొచ్చారు. ఈ ప్రాంతానికి సాఫ్ట్‌వేర్ కొత్త కాదు. 1981లో మొదలైన బాపట్ల ఇంజినీరింగ్ కళాశాల, 1985లో గుంటూరు పక్కన చౌడవరంలో వచ్చిన ఆర్వీఆర్ అండ్ జేసీ, వాటితో పాటు వడ్లమూడి, వడ్డేశ్వరం కళాశాలలు పత్తి రైతుల పిల్లలను ఇంజినీర్లను చేశాయి. 1998లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ తెరిచాక వాళ్లంతా పడమటి దారి పట్టారు. చదువుకుని ఊరు వదిలినవాడు పండక్కి తప్ప రాడన్నది అప్పట్నుంచీ స్థిరపడిన సంగతి. అది 2020లో తిరగబడింది.

ఆ రెండేళ్లు మిద్దె మీది గదే ఆఫీసు. పెళ్లిళ్లప్పుడు చుట్టాలకు ఇచ్చే గదిలో పాత డ్రెస్సింగ్ టేబుల్ బల్ల అయింది, వెనక కనిపించే బీరువాకు దుప్పటి అడ్డం పెట్టారు, మెట్ల కింద ఇన్వర్టర్ చేరింది. జనవరి నుంచి డాబా నిండా మిరపకాయలు ఆరబోసి ఉంటే గాలి తిరిగినప్పుడల్లా ఘాటు గదిలోకి కొట్టేది. తుమ్ము వచ్చేలోపు మైకు మ్యూట్ చెయ్యడం ఒక నేర్పు. అమెరికా క్లయింటుతో రాత్రి పదకొండింటికి మాట్లాడుతుంటే కింద తండ్రి తెల్లారి మిర్చి యార్డుకు పంపే టిక్కీలు (మిరప బస్తాలు) లెక్కపెడుతూ ఉండేవాడు. ఇంటర్నెట్ కొంతవరకు ముందే సిద్ధమై ఉంది. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ కరెంటు స్తంభాల మీదుగానే తీగ లాగి, నెలకు 149 రూపాయలకు ఊళ్లలోకి కనెక్షన్లు తెచ్చింది. కరెంటు స్తంభాల మీద తీగ అంటే గాలివానకు రెండూ కలిసి పోవడం కూడా ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో విద్యుత్ కొరత వచ్చి కోతలు పెరిగినప్పుడు మిద్దె మీది ఆఫీసులు ఇన్వర్టర్ బ్యాటరీ మీద ఎన్ని గంటలు నడుస్తాయో తేలిపోయింది.

ఆ సమయంలోనే, 2021–22 పంటకాలంలో, నల్ల తామరపురుగు మిరప తోటల మీద పడి పూతను పీల్చేసింది. రైతులు నిలువునా తోటలు దున్నేశారు. అద్దె, హాస్టలు, కర్రీ పాయింటు ఖర్చు లేకుండా ఇంటికే వస్తున్న జీతం ఆ ఏడు ఎన్ని ఇళ్లలో ఎరువుల కొట్టు బాకీ తీర్చిందో ఏ సర్వే లెక్కలోకీ రాలేదు.

కాటా ఉన్నచోట కావలి ఉండదు

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల శీతల గిడ్డంగుల్లో, షెడ్లలో వేసవి పొడుగునా మిరప తొడిమలు తీసే పని జరుగుతుంది. మూతికి గుడ్డ కట్టుకుని, చేతివేళ్లు మండుతుంటే మధ్యమధ్య నీళ్ల గిన్నెలో ముంచుకుంటూ ఆడవాళ్లు రాశి చుట్టూ కూర్చుంటారు. కూలి కిలో లెక్క. ఎవరు ఎనిమిదింటికి వచ్చారు, ఎవరు పదింటికి వచ్చారు, ఎవరు మధ్యలో పిల్లాడికి అన్నం పెట్టొచ్చారు అన్నది ఎవరూ అడగరు. సాయంత్రం కాటా మీద పెడతారు, ఎంత తూగితే అంత డబ్బు. షెడ్డు యజమాని అక్కడ ఉండాల్సిన పనే లేదు.

కలుపు తీత అలా కాదు. పత్తి చేలో పదిమంది సాళ్లు పట్టి దిగితే, సాయంత్రానికి ఎవరెంత కలుపు పీకారో తూచే కాటా లేదు. పైకి పీకినట్టు కనిపించి వేరు లోపలే ఉండిపోతే పది రోజులకుగానీ బయటపడదు. అందుకే అది రోజు కూలి, దానికి గట్టు మీద మేస్త్రి. పత్తి తీత మళ్లీ కిలో లెక్క. కానీ దానిలో ఇంకో చిక్కు ఉంది. బరువుకే డబ్బులంటే ఆకూ తొక్కా కలిపి తీస్తారు, సగం విచ్చిన కాయనూ లాగేస్తారు. మిరప కోతలోనూ అంతే. పచ్చి, దోర కాయలు కలిసిపోతే కల్లంలో అవి తాలుగా మారి యార్డులో ధర పోతుంది. తూకం తేలికగా దొరికే చోట నాణ్యత జారిపోతుందన్నది రైతుకు అనుభవం. ఆర్థికవేత్తలు బెంట్ హోమ్‌స్ట్రోమ్, పాల్ మిల్‌గ్రామ్ 1991లో దీన్నే సిద్ధాంతంగా రాశారు. ఒక పనిలో కొలవగలిగే భాగానికే డబ్బు కట్టబెడితే కొలవలేని భాగాన్ని మనిషి వదిలేస్తాడని దాని సారం. హోమ్‌స్ట్రోమ్‌కు 2016లో నోబెల్ వచ్చింది.

ఇప్పుడు సాఫ్ట్‌వేర్. సేవల కంపెనీకీ క్లయింటుకూ మధ్య ఒప్పందాలు ముఖ్యంగా రెండు తీర్లు. ఒకటి గుత్త: ఈ పని పూర్తి చేసి ఇస్తే ఇంత. రెండోది ‘టైమ్ అండ్ మెటీరియల్’: ఇంతమంది మనుషులు, గంటకు ఇన్ని డాలర్లు. రెండోది అచ్చంగా కలుపు కూలి. అక్కడ కంపెనీ అమ్ముతున్నది ప్రోగ్రాము కాదు, మనిషి గంటలు. గంటలు కొన్న క్లయింటు ఆ గంటల్లో మనిషి ఎక్కడున్నాడని అడుగుతాడు. బ్యాంకులు, బీమా కంపెనీల పనికైతే ప్రత్యేక గది, ఆ గదిలోకి ఫోను కూడా తీసుకెళ్లకూడదన్న షరతు, తలుపు దగ్గర కార్డు ఉంటాయి. లాక్‌డౌన్ వచ్చిందని క్లయింట్లు ఆ షరతులను సడలించారు. సడలింపు ఎప్పటికీ ఉంటుందని ఎవరూ రాసివ్వలేదు.

రాసిన కోడ్ వరసలను తూచవచ్చు కదా అంటే, అది బరువుకు పత్తి తీయించడమే. పది వరసల్లో అయ్యే పనికి వంద రాస్తారు. మంచి ఇంజినీరు ఒక్కోసారి రోజంతా కూర్చుని రెండు వరసలు తీసేస్తాడు, ఆ రోజు అతను చేసిందే అసలైన పని. దీనికి కాటా లేదు. కాటా లేనిచోట మేనేజరు మనిషిని చూసి తృప్తి పడతాడు. ఆఫీసుకు రమ్మనడంలో సగం కథ ఇదే: పనిని తూచడం చేతకాక మనిషి హాజరును తూచడం.

కంటికి కనబడనప్పుడు అనుమానం ఎలా పెరుగుతుందో 2022లో బయటపడింది. ఇంట్లో కూర్చుని రెండో కంపెనీకి కూడా పనిచేయడం మోసమేనని విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ ఆ ఆగస్టులో బహిరంగంగా అన్నారు. నెల తిరిగేసరికి, పోటీ సంస్థలకు పనిచేస్తున్న 300 మందిని గుర్తించి తొలగించామని ప్రకటించారు. 2024లో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు, కీబోర్డు మీద పని జరుగుతున్నట్టు నటించే సాధనాలు వాడారంటూ డజనుకు పైగా ఉద్యోగులను తీసేసింది. మౌస్ కదులుతోందా లేదా అని చూసి పని జరుగుతోందనుకునే కంపెనీకి, మౌస్ కదిలించే బొమ్మ కొనుక్కునే ఉద్యోగి దొరకడం వింతేమీ కాదు.

చీరాల షెడ్డు

ఇంట్లో పని, యజమాని చోట పని అన్న పేచీ కంప్యూటర్లతో పుట్టింది కాదు. చీరాల, జాండ్రపేట, వేటపాలెంలో దాన్ని కళ్లారా చూడవచ్చు. నేతగాడి ఇల్లే అతని కార్ఖానా. వసారాలో మగ్గం గుంట, పక్కనే రాట్నం, ఇంటిల్లిపాదీ పనిలో భాగం. మాస్టర్ వీవర్ నూలు ఇస్తాడు, చీర తీసుకుంటాడు, మజూరి చెల్లిస్తాడు. చీర చేతికొచ్చాక పోగు పోగూ చూసుకోవచ్చు గనుక నేసేటప్పుడు పక్కన నిలబడక్కర్లేదు. ఇది తొడిమల లెక్కే.

అయినా అదే చీరాల ప్రాంతంలో షెడ్డు మగ్గాలు వచ్చాయి. మగ్గాలన్నీ ఒకే కప్పు కింద, నేతగాడు పొద్దున్నే షెడ్డుకు రావాలి. పట్టు నూలు ఖరీదైనది, లెక్క తప్పకూడదు. కొత్త డిజైను పక్క షావుకారుకు పొక్కకూడదు. పండగ సరుకు చెప్పిన రోజుకు అందాలి. ఇంట్లో చోటు లేని, సొంత మగ్గం లేని నేతగాడికి షెడ్డు ఆసరా అన్నదీ నిజమే. ముడిసరుకు, రహస్యం, గడువు: మూడు కారణాల్లో ఒక్కటీ నేత బాగుండడం గురించి కాదు.

ఇంగ్లండులో మిల్లులు పుట్టిన తీరు మీద ఆర్థికవేత్త స్టీఫెన్ మార్గ్లిన్ 1974లో ఇలాంటి వాదమే చేశాడు. నేతపనివాళ్లను ఇళ్ల నుంచి మిల్లులోకి తెచ్చింది యంత్రాల అవసరం కంటే పనివాడి వేళల మీద పెత్తనం అవసరమేనని అతని మాట. చరిత్రకారులు అందరూ ఒప్పుకోలేదు. యంత్రాల పాత్రను అతను బాగా తగ్గించాడన్న విమర్శ గట్టిదే. కానీ ఆఫీసు అన్న భవనం ఎవరి సౌకర్యానికి కట్టిందన్న ప్రశ్న అక్కడినుంచి ఇంకా చావలేదు.

పక్కన కూర్చోబెట్టుకోవడం

కంపెనీల వైపు వాదనల్లో బలమైనది పని నేర్పడం గురించినది. యార్డులో కమీషన్ దుకాణానికి కొత్తగా చేరిన కుర్రాడికి తేజ రకానికీ 334కూ తేడా ఎవరూ పుస్తకంలో చూపించరు. టిక్కీలోంచి గుప్పెడు కాయలు లాగి, ఒకటి విరిచి, గింజ చూసి, గలగలమనే చప్పుడు విని తేమ ఎంతుందో చెప్పే పెద్ద గుమస్తా పక్కన రెండు సీజన్లు నిలబడాలి. అతను చెప్పేవి పది మాటలైతే చూసి పట్టేవి వంద.

ఆఫీసులోనూ ఇలాంటి చదువు ఒకటుంది. మసాచుసెట్స్ టెక్నాలజీ సంస్థకు చెందిన థామస్ అలెన్ ఇంజినీర్ల మధ్య మాటలను లెక్కగట్టి, బల్లల మధ్య దూరం పెరిగేకొద్దీ మాట్లాడుకోవడం వేగంగా పడిపోతుందని 1977లో పుస్తకంగా రాశాడు. కొన్ని పదుల మీటర్లు దాటితే ఇద్దరూ వేరే ఊళ్లలో ఉన్నట్టే. కోవిడ్ తర్వాత ముగ్గురు అమెరికన్ పరిశోధకులు, నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పాలే, ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ల లెక్కలు తీశారు. జట్టు సభ్యులు ఒకే భవనంలో ఉన్నప్పుడు ఒకరి కోడ్ మీద మరొకరు రాసే వ్యాఖ్యలు, సలహాలు 22 శాతం ఎక్కువ. లాభపడింది ఎక్కువగా చిన్నవాళ్లు, కొత్తవాళ్లు, ఆడవాళ్లు. వాళ్లకు నేర్పడంలో పడి పెద్దవాళ్ల సొంత పని కొంత తగ్గింది. ఇల్లు కట్టుకుని, పిల్లలున్న అనుభవజ్ఞుడైన ఇంజినీరు ఇంటి దగ్గరే ఉంటానని ఎందుకు అంటాడో, నిన్న మొన్న చేరిన కుర్రాడు ఇంట్లో ఉంటే ఎందుకు నష్టపోతాడో ఈ ఒక్క లెక్కలో రెండూ తెలుస్తాయి. 2020, 2021లో కాలేజీ నుంచి నేరుగా మిద్దె మీది గదిలోకి ఉద్యోగంలో చేరినవాళ్లు ఉన్నారు. రెండేళ్లపాటు వాళ్లకు తమ మేనేజరు తెర మీద ఒక గుండ్రటి ఫొటో మాత్రమే.

మైక్రోసాఫ్ట్ తన అమెరికా ఉద్యోగులు 61,182 మంది ఈమెయిళ్లు, కాల్స్ వివరాలు పరిశీలించి 2021లో వేసిన లెక్క కూడా ఇదే వైపు చూపింది. అందరూ ఇళ్లకు వెళ్లాక సొంత జట్టుతో బంధం గట్టిపడింది, పక్క జట్లతో సడలింది.

ఇక ఇంటి నుంచి పని పెరుగుతుందా, తగ్గుతుందా అన్న ప్రశ్నకు పరిశోధనలు పైకి పొంతన లేని జవాబులు ఇస్తాయి. కాటా లెక్క గుర్తుంచుకుని చదివితే పొంతన కుదురుతుంది. స్టాన్‌ఫర్డ్‌కు చెందిన నికొలస్ బ్లూమ్ బృందం చైనాలోని సీట్రిప్ ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్‌లో జరిపిన ప్రయోగంలో ఇంటి నుంచి పనిచేసినవాళ్ల పని 13 శాతం పెరిగింది. ఎన్ని కాల్స్ తీశారన్నది అక్కడ తూకం. తొడిమల పని లాంటిది. అదే ప్రయోగంలో, సమానంగా పనిచేసినా ఇంటి దగ్గరున్నవాళ్లకు పదోన్నతులు తక్కువ వచ్చాయి. ప్రయోగం ముగిశాక వాళ్లలో సగం మంది ఒంటరితనం భరించలేక ఆఫీసుకే వస్తామన్నారు. ఆసియాలోని ఒక పెద్ద ఐటీ సేవల కంపెనీలో పదివేల మందికి పైగా ఉద్యోగుల లెక్కలు తీసిన మైకేల్ గిబ్స్ బృందానికి దీనికి తలకిందుల ఫలితం దొరికింది. పని గంటలు పెరిగాయి, రాత్రి పని పెరిగింది, గంటకు జరిగే పని తగ్గింది. మీటింగులు ఎక్కువై, అంతరాయం లేకుండా కూర్చునే సమయం తగ్గింది. చిన్నపిల్లలున్న ఇళ్లలో ఆ తగ్గుదల ఇంకా ఎక్కువ. అది కలుపు తీత లాంటి పని.

రెండిటి మధ్య ఇంకొకటి ఉంది. బ్లూమ్ బృందమే సీట్రిప్‌లో 1,612 మందితో మళ్లీ ప్రయోగం చేసి 2024లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించింది. వారంలో రెండు రోజులు ఇంటి నుంచి, మూడు రోజులు ఆఫీసులో. పనితీరులో, పదోన్నతుల్లో తేడా కనిపించలేదు, ఉద్యోగం వదిలేసేవాళ్లు మూడో వంతు తగ్గారు. వారమంతా రమ్మనే కంపెనీలు ఈ లెక్కకు ఇంతవరకు సరైన జవాబు చెప్పలేదు.

బజారు ఎవరి చేతిలో ఉందో

ఈ కారణాలన్నీ 2021లోనూ ఉన్నాయి. అప్పుడు గట్టిగా పిలవని కంపెనీలు 2023లో ఎందుకు పిలిచాయన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు రాజీనామాల అంకెల్లో ఉంది. 2022 జూన్ త్రైమాసికంలో ఇన్ఫోసిస్‌లో ఏడాది వలస (ఉద్యోగం వదిలేసేవాళ్ల వాటా) 28.4 శాతం. టీసీఎస్‌లో ఆ సెప్టెంబరుకు 21.5 శాతం. నలుగురిలో ఒకరు వెళ్లిపోతున్నప్పుడు ఆఫీసుకు రమ్మంటే పక్క కంపెనీకి పోతాడు. కోతల కాలంలో కూలీలు దొరకనప్పుడు రైతు ట్రాక్టరు పంపించి, టీ ఇప్పించి పిలుచుకొస్తాడు; అదీ అలాంటిదే. 2023లో అమెరికాలో వడ్డీలు పెరిగి ప్రాజెక్టులు తగ్గాయి. 2023–24లో టీసీఎస్ ఉద్యోగుల సంఖ్య 13,249 తగ్గింది, 19 ఏళ్లలో మొదటిసారి. ఇన్ఫోసిస్‌లో 25,994 తగ్గింది. వలస రెండు కంపెనీల్లోనూ 13 శాతం లోపుకు దిగింది. బజారు చేతులు మారింది.

2023 అక్టోబరు 1 నుంచి వారానికి ఐదు రోజులూ రావాలని టీసీఎస్ చెప్పింది. విప్రో నవంబరు 15 నుంచి వారానికి మూడు రోజులు తప్పనిసరి చేసింది. ఇన్ఫోసిస్ నెలకు పది రోజులు అంది, 2025 మార్చి 10 నుంచి హాజరు యాప్‌లోనే దాన్ని బిగించింది. టీసీఎస్ 2024లో త్రైమాసిక వేరియబుల్ పేను హాజరుకు ముడిపెట్టింది: 85 శాతం పైన హాజరుంటే పూర్తిగా, 75 దాటితే ముప్పాతిక, 60 దాటితే సగం, 60 లోపైతే సున్న. 2025లో పాతిక శాతమే ఆఫీసులో అన్న లక్ష్యం అలా ముగిసింది. అమెజాన్ 2025 జనవరి 2 నుంచి ప్రపంచమంతటా ఐదు రోజులు రమ్మంది. 15 వేల మంది పట్టే దాని అతిపెద్ద భవనం 2019 ఆగస్టులో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలో తెరుచుకుంది. తెరిచిన ఏడు నెలలకే లాక్‌డౌన్. అంత భవనం కట్టి బోసిగా ఉంచడం ఏ యజమానికీ మింగుడు పడదు. కానీ భవనం ఖర్చు ఎప్పుడో పెట్టేశారు, మనుషులు వచ్చినంత మాత్రాన అది తిరిగి రాదు. భవనాల కోసమే పిలుస్తున్నారన్న ప్రచారంలో ఉన్నంత బలం నిజంలో లేదు.

మనుషులను తగ్గించుకోవడానికన్న అనుమానంలో మాత్రం బలముంది. 2024 నవంబరులో ఎలాన్ మస్క్, వివేక్ రామస్వామి అమెరికా ప్రభుత్వోద్యోగుల గురించి రాస్తూ, వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రమ్మంటే చాలామంది తామే రాజీనామా చేస్తారని, తాము దాన్ని స్వాగతిస్తామని దాపరికం లేకుండా చెప్పేశారు. పొమ్మనలేక పొగబెట్టడం అనే మన సామెతను ఇంత బాహాటంగా ఆచరణలో పెట్టినవాళ్లు తక్కువ.

ఇంకొన్ని కారణాలు చిన్నవి. ప్రత్యేక ఆర్థిక మండలి లోపల ఉన్న యూనిట్ పని ఆ కంచె లోపలే జరగాలన్నది మూల నియమం. 2022 జులైలో 43ఏ నిబంధన తెచ్చి ఇంటి పనికి వీలు కల్పించారు, గడువు పెంచుతూ పోయారు. హైదరాబాద్‌లో క్యాబ్‌లు, టిఫిన్ బండ్లు, హాస్టళ్లు మూతపడుతుంటే 2021లో తెలంగాణ ఐటీ శాఖ అధికారులే కంపెనీలను తెరవమని కోరారు.

పిలుపుకు ఎక్కువ మూల్యం కట్టింది ఆడవాళ్లు. టీసీఎస్‌లో ఎప్పుడూ మగవాళ్లతో సమానంగానో తక్కువగానో ఉండే మహిళల రాజీనామాలు 2022–23లో మగవాళ్లను మించాయి. ఇంటి నుంచి పని ముగియడమే కారణం కావచ్చని కంపెనీ అప్పటి మానవ వనరుల అధిపతి మిలింద్ లక్కడ్ వార్షిక నివేదికలోనే రాశారు. పర్చూరు పక్క ఊళ్లో అత్తగారి చేతిలో పిల్లను పెట్టి మిద్దె మీద పనిచేసుకున్న ఇంజినీరు, గచ్చిబౌలిలో ఆయాను పెట్టుకుని అదే పని చేయాలంటే జీతంలో మిగిలేదెంతో ముందు లెక్క వేసుకుంటుంది.

ఆఫీసే ఊరికి వస్తే

ఇల్లూ కాదు, హైదరాబాదూ కాదు, దగ్గర్లో ఒక చోటు అన్న ఆలోచన రాష్ట్రంలో ప్రభుత్వాలు మారినా పోలేదు. వైఎస్సార్ కాంగ్రెస్ ప్రభుత్వం 2021లో సొంత పట్టణం నుంచి పని అన్న పథకం, పంచాయతీల్లో డిజిటల్ లైబ్రరీలు తలపెట్టింది. 2025 ఫిబ్రవరి 11న ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు ఇంటి నుంచి పనిని, ముఖ్యంగా మహిళల కోసం, పెద్ద ఎత్తున తెస్తామని ప్రకటించారు. రాష్ట్ర ఐటీ, జీసీసీ (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్ల) విధానం 4.0 ప్రకారం నగరాల్లో, పట్టణాల్లో, మండలాల్లో ఆఫీసు చోట్లు కట్టేవాళ్లకు రాయితీలు ఇస్తారు. కంపెనీలు కూడా కొంత కదిలాయి. గన్నవరం దగ్గర హెచ్‌సీఎల్, 2023 అక్టోబరు నుంచి విశాఖలో ఇన్ఫోసిస్ ఉన్నాయి. 2025లో విశాఖలోనే టీసీఎస్‌కు 99 పైసలకు 21.16 ఎకరాలు ఇచ్చారు. గుంటూరువాళ్లకు మాత్రం విశాఖ హైదరాబాద్ కంటే దూరం.

మండలంలో చల్లటి గది, తీగ, జనరేటరు ఉంటే ఇన్వర్టర్ బాధ తీరుతుంది, క్లయింటు అడిగే తాళమూ కార్డూ పెట్టవచ్చు. పెద్ద గుమస్తా పక్కన నిలబడే అవకాశం మాత్రం అక్కడ ఉండదు, జట్టంతా అక్కడే ఉంటే తప్ప. గంటకు ఇన్ని డాలర్లన్న ఒప్పందం గుత్తగా మారితే తప్ప మేనేజరు చూపు కూడా హాజరు పట్టీ మీద నుంచి కదలదు.

చట్టం నుంచి పెద్ద ఆసరా లేదు. ప్రసూతి ప్రయోజన చట్టానికి 2017లో చేసిన సవరణ, పని స్వభావాన్ని బట్టి, ఇద్దరూ ఒప్పుకుంటే సెలవు తర్వాత ఇంటి నుంచి చేసుకోవచ్చంది. 2020 డిసెంబరు 31న కేంద్రం విడుదల చేసిన సేవా రంగం నమూనా స్టాండింగ్ ఆర్డర్ల ముసాయిదా కూడా నియామక షరతులకే వదిలేసింది. కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్లు ఆఫర్ లెటర్లో జీతం అంకె కంటే ముందు బేస్ లొకేషన్ అన్న వరస చదువుకోవాలి. అక్కడ హైదరాబాద్ అని రాసి ఉంటే, ఇంటి నుంచి పని మేనేజరు దయే తప్ప ఉద్యోగి హక్కు కాదు.

అద్దంకి–నార్కెట్‌పల్లి రోడ్డు మీద ఆదివారం రాత్రి బస్సులు మళ్లీ నిండుతున్నాయి. జనవరిలో అయితే ఎదురుగా కోసిగి, ఆదోని నుంచి మిరప కోతలకు సుగ్గి (వలస కూలికి) వచ్చే కుటుంబాలు మూటాముల్లెతో ఈ ఊళ్లలో దిగుతుంటాయి. వాళ్లను ఇంటి నుంచి పనిచేస్తారా అని ఎవరూ ఎప్పుడూ అడగలేదు.